బైరాగిపట్టెడలో త్రీ నాట్ త్రీ: పది రాగాల రికార్డు కోసం ఒక డబ్బా

మొదలుపెట్టే ముందు

ముందు రికార్డు సంగతి చెప్పేస్తా, అది లేకుంటే ఈ డబ్బాతో, అంటే తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో నేనే కట్టుకున్న ఈ బేసు సింథసైజర్‌తో, నాకేం పని లేదు. చరణ్‌జిత్ సింగ్ అని బొంబాయిలో హిందీ సినిమా పాటలకు గిటారు, బేసు, కీబోర్డు వాయించినాయన 1982లో హెచ్ఎంవీకి ఒక ఎల్పీ చేసిచ్చాడు, 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అని. పేరులోనే అంతా ఉంది. కింద డిస్కో దరువు, పైన హిందుస్తానీ రాగం, ఒక్కోటి అయిదు నిమిషాలు అటూ ఇటూ, సైడుకు అయిదు రాగాలు. వాడింది రోలాండ్ అనే జపాన్ కంపెనీ మిషన్లు మూడు: దరువుకు టీఆర్-808, బేసుకు టీబీ-303, రాగం పలికించేదానికి జూపిటర్-8. అప్పట్లో ఎవురూ పట్టించుకోలా. 2010లో నెదర్లాండ్స్‌కి చెందిన బాంబే కనెక్షన్ లేబుల్ వాళ్లు మళ్లీ వేస్తే అప్పుడు అందరూ ఏందబ్బా ఇది అని లేచి కూచున్నారు, ఆయన పెద్ద వయసులో యూరప్ పోయి స్టేజీల మీద వాయించొచ్చాడు, 2015లో పోయాడు.

దీని మీద అందరూ చెప్పే కథ ఒకటుంది. షికాగోలో ఫ్యూచర్ అనే గ్రూపు కుర్రోళ్లు 1987లో 303 నాబ్‌లు ఇష్టమొచ్చినట్టు తిప్పతా చేసిన రికార్డుతో యాసిడ్ హౌస్ అనే డ్యాన్స్ సంగీతం పుట్టింది, మనోడు అయిదేళ్ల ముందే ఆ సౌండ్ చేసేశాడు, కాబట్టి కనిపెట్టింది మనోడే అని. నాకు ఈ మాట నచ్చదు. వాళ్లు ఈయన్ని విన్న దాఖలా లేదు, ఈయన వాళ్ల కోసం చెయ్యలేదు. ఎవురికన్నా ముందు చేశాడా లేదా అనే లెక్క తీసేసినా ఆ రికార్డులో మాల్కౌంస్ రాగం అంత బాగానే ఉంటుంది కదా. బేసు కింద గుడగుడలాడతా ఉంటే పైన జూపిటర్ మెల్లగా జారతా వస్తుంది, దరువు మాత్రం మొదట్నుంచి చివర దాంకా మారదు. కాలేజీ రోజుల్లో హాస్టల్లో ఎవుడో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినప్పట్నుంచి వింటా ఉన్నా. అలిపిరిలో మొదలుపెట్టి మెట్లెక్కితే గాలిగోపురం కాడికి వచ్చేటప్పటికి ఒక చుట్టు అయిపోతుంది, నా ఊపిరి ఎట్లా పోయినా ఆ కిక్ డ్రమ్ మాత్రం ఒకే స్పీడు.

సరే పని. అసలు 303లు రోలాండ్ చేసిందే పదివేలు అటూ ఇటూ, 1984కే ఆపేశారు, ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో లక్షల్లో ఉంది. చవగ్గా కావాలంటే బెరింగర్ టీడీ-3 కొనుక్కోవచ్చు, సౌండ్ చాలా దగ్గరగా ఉంటుంది, అందులో తప్పేం లేదు. కాకపోతే నాకు కావాల్సింది వేరే. రికార్డులో రాగాలన్నీ కీబోర్డు శ్రుతిలోనే ఉంటాయి, పన్నెండు సమానమైన మెట్లు. అదే బేసు తంబూర పక్కన తంబూర శ్రుతికి నిలబడితే ఎట్లుంటుందో వినాలని ఎన్నాళ్లుగానో ఉంది. ఆ మిషన్ అంగట్లో దొరకదు, మనమే చేసుకోవాల. అమ్మకు త్రీ నాట్ త్రీ చేస్తా ఉన్నా అంటే పోలీసోళ్ల తుపాకీ అనుకుని ఒక్క నిమిషం గుండె పట్టుకునింది.

శ్రుతి లెక్క

ఆసిలేటర్ (స్వరం పుట్టించే సర్క్యూట్) కూడా అసలుదాని మాదిరే అనలాగ్‌లో కడదామని మొదట అనుకున్నా గానీ ఏప్రిల్లో తిరుపతిలో అది కుదిరే పని కాదు. ట్రాన్సిస్టర్ బేస్ ఎమిటర్ వోల్టేజీ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గతా పోతుంది, పొద్దున శ్రుతి చేసిపెడితే మధ్యాన్నం మేడ మీద రూములో అది యాడికో పోయి ఉంటుంది. అందుకే స్వరం పుట్టించే పని ఆర్డుయినో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి ఇచ్చేశా, ఫిల్టర్ ఒక్కటే అనలాగ్. 303లో సా-టూత్, స్క్వేర్ అని రెండు రకాల అలలు ఉంటాయి, ఒక పిన్నుతో సులభంగా వచ్చేది స్క్వేర్, అది చాలు.

షడ్జమం ఒకటో శ్రుతి, సి. బేసు కాబట్టి రెండు స్థాయిలు కింద, 65.41 హెర్ట్జ్. ఆర్డుయినోలో రెడీమేడ్‌గా టోన్ అనే ఫంక్షన్ ఉంది, బజర్లకు బాగుంటుంది, రాగానికి పనికి రాదు. అది పూర్ణాంకాలే తీసుకుంటుంది, 65.41 అడగాలన్నా కుదరదు, 65 అనాల, పైగా లోపల నడిచేది 8 బిట్ల టైమర్. పై స్థాయిలో అర హెర్ట్జ్ తేడా ఎవురికీ తెలీదు, ఇంత కింద అయితే పది సెంట్ల పైమాటే, సెంటంటే కీబోర్డు మెట్టులో నూరో వంతు. ఫోన్లో తంబూర యాప్ పెట్టి పక్కన ఇది మోగిస్తే షడ్జమం మీదనే అలలు అలలుగా ఊగతా ఉంది, రెండూ కలిసి నిలబడటం లేదు.

కాబట్టి టోన్‌ని పక్కన పెట్టి నేరుగా టైమర్ 1 రిజిస్టర్లు రాసుకున్నా. అది 16 బిట్లు. క్లాక్ 16 మెగాహెర్ట్జ్, దాన్ని భాగించే ప్రిస్కేలర్ 8 పెడితే, ఒక అలకు పిన్ను రెండుసార్లు మారాల కాబట్టి, లెక్క భలే సులభంగా పడుతుంది: పది లక్షల్ని ఫ్రీక్వెన్సీతో భాగించి ఒకటి తీసేయడమే. 65.41కి 15287 వస్తుంది, అంకె ఒకటి అటూ ఇటూ అయితే మారేది సెంటులో పదో వంతు. ఏ వైణికుడి చెవికైనా అంతకంటే జాస్తి అక్కర్లేదు.

హిందోళం స్వరాలు ఎక్కించా, ఉత్తరాదోళ్ల మాల్కౌంస్ అదే కదా. స ఒకటి, గ 6/5, మ 4/3, ద 8/5, ని 16/9. హెర్ట్జ్‌లో 65.41, 78.49, 87.21, 104.66, 116.28. కీబోర్డు మీద ఇదే సాధారణ గాంధారం సుమారు 16 సెంట్లు కిందుంటుంది, అంత చిన్న తేడా తెలుస్తుందా అంటే తెలుస్తుంది, తంబూర లేకుండా వింటే లేదు, పెట్టి వింటే కీబోర్డు గాంధారం గరుగ్గా గీసుకుంటా ఉంటుంది, ఇది చప్పుడు లేకుండా కూచుంటుంది. యాప్‌లో తంబూర ప-స మీద కాకుండా మ-స మీద పెట్టుకోవాల, హిందోళంలో పంచమం లేదు కాబట్టి. ఈ పంచమం సంగతి మళ్లీ వస్తుంది.

రిచీ స్ట్రీట్

ఇక్కడ గాంధీ రోడ్డు పక్క సందుల్లో టీవీ, మిక్సీ రిపేరు సామాను దొరుకుతుంది, రెసిస్టర్లు, బీసీ 547లు, టీఎల్ 072 ఐసీ, జనరల్ బోర్డు అన్నీ ఊళ్లోనే అయిపాయ. దొరకనిది 18 నానోఫారడ్ కెపాసిటర్, వంద కే డ్యూయల్ గ్యాంగ్ పాట్ (ఒకే కడ్డీతో రెండు తిరిగేది), మంచి నాబ్‌లు. 18 నానో మీద 183 అని, 22 నానో మీద 223 అని కోడు ఉంటుంది. "183 ఎవురు అడగతారన్నా, 223 తీస్కపో అదే పనిచేస్తాది" అన్నాడు అంగడాయన, ఫ్యాన్‌కి అయితే చేస్తుందేమో. పొద్దున్నే రైలెక్కి మద్రాసు పోయి ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే రిచీ స్ట్రీట్ అంతా తిరిగా. అక్కడ అడిగితే దొరకనిది ఉండదంటారు గానీ 183 అక్కడ కూడా లేదు, 103, 822 రెండూ పక్కపక్కన పారలల్‌గా కడితే 18.2 వస్తుంది, అంతే, దానికింత ప్రయాణం. పాట్‌లు, నాబ్‌లు మాత్రం బాగా దొరికినాయి. ఎండకు తల పగిలిపోయింది, వచ్చేటప్పుడు అరక్కోణం దాంకా నిలబడే వచ్చా.

ఫిల్టర్

ఈ ప్రాజెక్టులో ప్రాణమంతా ఇక్కడే. స్క్వేర్ వేవ్ వట్టిగా వింటే పాత వీడియో గేమ్. దాంట్లో పై హార్మోనిక్స్ (అసలు స్వరం మీద కలిసి మోగే పై స్వరాలు) ఎంత వదలాల, ఎంత ఆపాల అనేది నోట్ నోట్‌కీ మార్చేది ఫిల్టర్, 303 గుడగుడ అంతా అదే. రోలాండ్‌లో దీన్ని డిజైన్ చేసిన తడావో కికుమొతో డయోడ్ లాడర్ వాడాడు, నాలుగు మెట్ల నిచ్చెన, ఒక్కో మెట్టుకు ఒక కెపాసిటర్, మూడు మెట్లకు 33 నానో, ఒక మెట్టుకు మాత్రం దాదాపు సగం, 18 నానో. ఆ సగమే అంత ముఖ్యం అన్నమాట, అందుకే 22 పెట్టుకోలా. పేరుకు డయోడ్ లాడర్ గానీ లోపల ఉండేవి ట్రాన్సిస్టర్లే, ట్రాన్సిస్టర్ కాళ్లలో బేస్, కలెక్టర్ రెండూ కలిపేసి డయోడ్ చేశారు. నేనూ బీసీ 547లతో అట్లనే కట్టా.

నిచ్చెనలో ఎడమ కుడి జతలు ఒకే రకంగా ఉండాల. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి ఒక్కో ట్రాన్సిస్టర్ రీడింగ్ తీసి కాగితం మీద గుచ్చతా పోయా. వేలితో పట్టుకుంటే చాలు రీడింగ్ దిగిపోతుంది, ఒంటి వేడికే, కాబట్టి బోర్డుకు గుచ్చి, చెయ్యి తీసి, ఫ్యాన్ ఆపి, అంకె నిలబడేదాంకా ఆగి అప్పుడు రాసుకోవాల. మే నెలలో ఫ్యాన్ ఆపి మధ్యాన్నం కూచునే పని ఇంకెవురన్నా చేస్తారా అని అమ్మ అనుమానంగా చూసిపోయింది. ఒక మిల్లీవోల్టు లోపల కలిసినవి జతలు చేశా.

రెజొనెన్స్ నాబ్ ఎక్కించినప్పుడు వచ్చింది చూడండి, ఆ సౌండ్. కటాఫ్ (ఫిల్టర్ ఆపడం మొదలుపెట్టే చోటు) దగ్గర ఉన్న హార్మోనిక్ ఒక్కటే లేచి మూలుగుతుంది, కటాఫ్ తిప్పితే ఆ మూలుగు ఒక హార్మోనిక్ మీది నుంచి ఇంకోదాని మీదికి దుంకతా పోతుంది. అసలు 303 ఎంత తిప్పినా పూర్తిగా తనంతట తాను ఈల వెయ్యదు, అంచు దాంకా వచ్చి ఆగుతుంది, మోగ్ కంపెనీ సింథసైజర్ల ఫిల్టర్ అయితే దాటి ఈల వేసేస్తుంది. నాది కూడా అంచులోనే ఆగింది. ఆ రోజు ఇంకేం పని చెయ్యలా, ఒకే షడ్జమం పెట్టుకుని నాబ్ తిప్పతా కూచున్నా. షడ్జమం ఒక్కటే వినపడతా ఉంటే దాని లోపల్నుంచి పంచమం, అంతర గాంధారం ఒక్కోటిగా బయటికొస్తా ఉన్నాయి, తంబూర తీగ కింద జీవాళి దారం సర్దినప్పుడు ఎట్లా వస్తాయో అట్లనే. ఎవురో జపానాయన గిటారోళ్లకు బేసు తోడుగా ఉంటుందని చేసిన పెట్టె ఇది, అమ్ముడుపోలా, గిటారోళ్లకు నచ్చలా.

పంచమం వచ్చేసింది

బోర్డు అంతా ఒక పాత ట్రాన్స్‌ఫార్మర్ ఎడాప్టర్ మీద నడుస్తా ఉంది, 12 వోల్టులు, మధ్యలో 6 దగ్గర ఆప్‌ఆంప్‌తో నకిలీ గ్రౌండ్. హెడ్‌ఫోన్స్‌లో హిందోళం వింటా ఉంటే ఎక్కడో పంచమం వినపడతా ఉంది. కోడ్‌లో లేదు. స్వరాలన్నీ ఆపేసినా ఉంది. పైగా తిన్నగా ఉన్న పంచమం కూడా కాదు, కొంచెం పైకి లేచిన దొంగ పంచమం.

కరెంటు 50 హెర్ట్జ్, బ్రిడ్జి రెక్టిఫయర్ దాటినాక హమ్ (కరెంటు నుంచి వచ్చే గుయ్ మోత) 100 హెర్ట్జ్. నా షడ్జమానికి పంచమం 98.12. అంటే హమ్ వచ్చి సరిగ్గా పంచమం పక్కన, 33 సెంట్లు పైన కూచునింది, అదీ పంచమమే లేని రాగంలో! ఏ కల్యాణో వాయించుకుంటా ఉంటే ఏదో పక్క తీగ అనుకుని వదిలేసేవాణ్ణేమో. ఎడాప్టర్ విప్పితే లోపల పెద్ద కెపాసిటర్ ఎండిపోయి తల ఉబ్బిపోయి ఉంది. 2200 మైక్రో 25 వోల్టులది కొత్తది వేశా, గ్రౌండ్ వైర్లన్నీ గొలుసుగా కాకుండా ఒకే చోటికి తెచ్చి కలిపా. పోయింది.

యాక్సెంట్

దీని గురించి జాస్తి రాయను, వారం తిన్నది గానీ. 303లో యాక్సెంట్, అంటే ఒత్తు, పెట్టిన నోట్ గట్టిగా రావడమే కాదు, ఫిల్టర్ కూడా ఎక్కువ తెరుచుకుంటుంది, వరసగా రెండు మూడు యాక్సెంట్లు పడితే లోపల కెపాసిటర్ ఖాళీ అయ్యేలోపే మళ్లీ నిండి ఒక్కోటీ ముందుదానికన్నా పైకి లేస్తుంది. రెజొనెన్స్ పాట్ రెండు గ్యాంగులుది ఎందుకంటే రెండోది ఈ యాక్సెంట్ మీద పనిచేస్తుంది. మద్రాసు పోయొచ్చింది ఆ పాట్ కోసం కూడా. కట్టినాక స-స-మ మీద వరస యాక్సెంట్లు పెట్టి విన్నా, మూడోది మీదికి దూకతా వస్తుంది, బాగుంది.

పక్కింటి అక్క

మా పక్కింట్లో ఒక అక్క వీణ నేర్పిస్తుంది, ఇక్కడే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో చదివింది. సాయంత్రాలు గోడ అవతల సరళీ వరసలు, ఇవతల నా గుడగుడ. పాపం ఇన్నాళ్లు ఏమీ అనలేదు. ఒకరోజు పిలిచి వినిపించా, స్పీకర్లో, తంబూర పెట్టి, పదహారు మెట్ల ప్యాటర్న్.

కాసేపు వినింది. "శ్రుతి బాగా కలిపినావబ్బీ" అనింది. నా మొహం వెలిగిపోయిందేమో, వెంటనే "కానీ ఇది హిందోళం కాదు, హిందోళం స్వరాలు" అనింది.

స్లయిడ్ చూపించా. 303లో స్లయిడ్ అని గుర్తు పెడితే నోట్ తెగకుండా ముందు స్వరం నుంచి తరవాత స్వరానికి జారుతుంది, ఎంత దూరమైనా ఒకే సమయంలో, నేను 60 మిల్లీసెకన్లు పెట్టా. "ఇది జారు. జారు ఒక్కటే గమకం అయితే మేమంతా ఇన్నేళ్లు ఏం సాధకం చేసినట్టు" అని నవ్వింది. సరే అని నిషాదం మీద ఊపు పెట్టి చూపించా, నోట్ నిలబడే చోట పైకీ కిందికీ సమానంగా ఊగేటట్టు. "ఇది కంపితం కాదు, వణుకు. చలిజ్వరం." అక్కడ మాత్రం నాకూ నవ్వొచ్చింది.

తరవాత వీణ తెచ్చి చూపించింది, అది చూసినాకే అర్థమైంది. నిషాదం పలికేదానికి ఆమె వేలు నిషాదం మెట్టు మీద లేదు, కింద ధైవతం మెట్టు మీదుంది. అక్కడ తీగ మీటి పక్కకు లాగుతుంది, శ్రుతి ద నుంచి లేచి ని దాంకా పోతుంది, కొంచెం వదులుతుంది, మళ్లీ లాగుతుంది. స్వరం మధ్యలో నిలబడి అటూ ఇటూ ఊగడం లేదు, ఎప్పుడూ కింద నుంచి లాగి తెస్తా ఉంది, పైకి పోయేది చేతి బలంతో, దిగేది తీగ తనంతట తాను. పోయే వేగం వేరే, దిగే వేగం వేరే.

కోడ్ మార్చా. ఇప్పుడు ప్యాటర్న్‌లో ప్రతి మెట్టుకూ మూడు గుర్తులు: మామూలు, జారు, లాగు. లాగు పెడితే స్వరం రాగంలో తన కింద స్వరం దగ్గర మొదలై పైకి లాగబడుతుంది, కొంచెం సడలి మళ్లీ పోతుంది, లాగడం చురుగ్గా, సడలడం మెల్లగా. టైమర్ విలువను మిల్లీసెకనుకు ఒకసారి మారిస్తే చాలు, చెవికి మెట్లు తెలీవు. ఫిల్టర్ ఎన్వలప్ (నోట్ నోట్‌కీ ఫిల్టర్‌ని తెరిచి మూసేది) అదే సమయంలో మూసుకుంటా ఉంటుంది కాబట్టి ఆ లాగుడు మొదట్లో తెరుచుకుని పోయేకొద్దీ గొంతులోకి పోతుంది, ఇది నేను అనుకోలా, ఊరికే వచ్చింది. గ, ని రెండిటికీ లాగు పెట్టి, మ కదలకుండా నిలబెట్టి వినిపిస్తే అక్క తల ఊపింది. "ఇంకా మిషనే. కానీ ఏ రాగమో ఇప్పుడు చెప్పొచ్చు."

ఆ రాత్రి రికార్డు తీసి మాల్కౌంస్ మళ్లీ విన్నా, ఈసారి జూపిటర్ మీదే చెవి పెట్టి. ఆయన చేసింది ఇప్పుడు తెలుస్తా ఉంది. గమకం మొత్తం భారం పైనున్న జూపిటర్ మీద వేసి, బేసుని గమకం జోలికే పోనీయలేదు, అది స్వరాల్ని ఊరికే తొక్కతా పోతుంది, కింద కదలని నేల. నేను బేసుకే లాగుడు నేర్పిస్తా ఉన్నా, అంటే ఆయన చెయ్యనిది. అది తెలిసినాక ఆయన పని మీద గౌరవం పెరిగింది గానీ నాది ఆపాలనిపించలా. రెండూ వేరే వేరే.

దరువు

808 మొత్తం కట్టే ఓపిక లేదు, కిక్ ఒక్కటే. 808 కిక్ అంటే బ్రిడ్జ్‌డ్-టీ సర్క్యూట్, ఒక ఆప్‌ఆంప్ చుట్టూ రెండు కెపాసిటర్లు రెండు రెసిస్టర్లు, ఒక పల్స్ కొడితే గంట మాదిరి మోగి ఆరిపోతుంది. ఒక రెసిస్టర్ బదులు ట్రిమ్‌పాట్ పెట్టి ఆ మోతను షడ్జమానికి కలిపా, మృదంగం కుడివైపు శ్రుతికి కలపకుండా ఎవురూ వాయించరు కదా, మరి దీనికెందుకు మినహాయింపు. తేడా వెంటనే తెలిసింది, కిక్ పడినప్పుడల్లా బేసు కింద మట్టి గట్టిపడినట్టుంది, ముందు రెండూ కొట్టుకునేవి.

పదహారు మెట్లు కాబట్టి రెండు ప్యాటర్న్‌లు కలిస్తే 32, ఆది తాళం ఒక ఆవర్తనం చతురశ్రంలో. అక్క శిష్యురాలు ఒక చిన్నపిల్ల గోడ అవతల్నుంచి దానికి తాళం వేస్తా ఉంటే విన్నా, తప్పకుండా వేసింది.

ఇప్పుడు యాడుంది

అంతా ఒక పాత సెట్‌టాప్ బాక్స్ డొక్కులోకి పోయింది. ముందువైపు రిమోట్ అద్దం ఉన్నచోట నాబ్‌లు: కటాఫ్, రెజొనెన్స్, ఎన్వలప్, డికే, యాక్సెంట్. 303లో ఉండే ట్యూనింగ్ నాబ్ పెట్టలా, దాని బదులు శ్రుతి స్విచ్, ఒకటి, ఒకటిన్నర, రెండు, అయిదు, అయిదున్నర. హెడ్‌ఫోన్స్‌కి ఎల్ఎం 386 అనే యాంప్లిఫయర్ ఐసీ. స్వరాలు ఎక్కించేది మాత్రం ఇంకా ల్యాప్‌టాప్ నుంచే, అసలు 303లో స్వరాలు వేరే లయ వేరే విడివిడిగా ఎక్కించే పద్ధతి అందరూ తిట్టుకునేదే, దాన్ని ఎందుకు కాపీ కొట్టాలి.

ఇంక మిగిలింది రాగాల పట్టిక. రికార్డు వరసలోనే ఎక్కిస్తా ఉన్నా గానీ మనోళ్లకు చెప్పేటప్పుడు కొంచెం చిక్కు, వాళ్ల భైరవి మన తోడి, వాళ్ల తోడి మన శుభపంతువరాళి, ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని అక్కకు చెప్తే నాకే తల తిరిగింది. భూపాలీకి మోహనం, యమన్‌కి కల్యాణి, కళావతికి వలజి సులభం. లలిత్ దగ్గర ఆగా. మన లలితలో ఒకటే మధ్యమం, వాళ్ల లలిత్‌లో శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం రెండూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి, పంచమం లేదు. లాగు గుర్తు పెడితే ఒక మధ్యమం ఇంకో మధ్యమంలోకి కలిసిపోయి రెండూ పోతున్నాయి. దానికి లాగు ఆపేసి జారు ఒక్కటే ఉంచాలేమో, ఆ రికార్డు మళ్లీ పెట్టి ఆ అయిదు నిమిషాలు చూడాల.

చివరి రాగం బైరాగి, మనకు రేవతి. బైరాగిపట్టెడలో కూచుని బైరాగి ఎక్కించకుండా లలిత్‌తో కుస్తీ ఏందని అక్క అంటా ఉంది, ఆమెకు రేవతి అంటే ప్రాణం. సరే ముందు అదే: స ఒకటి, రి 16/15, మ 4/3, ప 3/2, ని 16/9. రి శుద్ధ రిషభం, షడ్జమానికి ఆనుకునే ఉంటుంది, 69.77, దాన్ని లాగాలంటే కింద షడ్జమం నుంచే లాగాల. రేపు సాయంత్రం పిల్లలు పోయినాక వినిపించమనింది.